తిరగేసిన గిటార్

జిమీ హెండ్రిక్స్ అనగానే మనవాళ్లకి రెండే గుర్తొస్తాయి. స్టేజీ మీద గిటార్‌కి నిప్పు పెట్టాడు, 27 ఏళ్లకే పోయాడు. ఆ 27 అనే అంకె టీషర్టుల మీద కూడా ఏదో గొప్పలా కనిపిస్తుంది. నాకు అది నచ్చదు. ఎందుకో చెప్పాలంటే అతని కథ చెప్పాలి.

1942 నవంబర్ 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. నాన్న ఆల్ అప్పుడు సైన్యంలో ఉన్నాడు. అమ్మ లూసిల్‌కి పదిహేడేళ్లు. ఇంట్లో డబ్బుల్లేవు, కొన్నేళ్లకి ఇద్దరూ విడిపోయారు. 1958లో అమ్మ చనిపోయింది. జిమీకి దొరికిన మొదటి వాయిద్యం ఎవరో చెత్తలో పడేసిన ఉకులేలే, దానికి ఒకటే తీగ. తర్వాత 5 డాలర్లకి ఒక పాత గిటార్ వచ్చింది.

అతనిది ఎడమచేతి వాటం. దొరికే గిటార్లేమో కుడిచేతి వాళ్లవి. అందుకని గిటార్‌ని తిరగేసి, తీగలు విప్పి వరస మార్చి కట్టుకున్నాడు. పేరొచ్చాక కూడా స్ట్రాటోకాస్టర్‌ని అలాగే తిప్పి వాయించాడు. అందులో తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే పికప్ ఒకటి ఏటవాలుగా ఉంటుంది. గిటార్ తిరగేస్తే ఆ వాలు కూడా తిరగబడి, తీగల స్వరం కొంచెం మారుతుంది.

1961లో సైన్యంలో చేరి, మరుసటి ఏడాదే బయటికొచ్చాడు. తర్వాత నాలుగేళ్లు లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటి వాళ్ల వెనక నిలబడి వాయించాడు. 1966లో న్యూయార్క్‌లోని ఒక చిన్న కేఫ్‌లో అతన్ని విన్న చాస్ చాండ్లర్ లండన్ తీసుకెళ్లాడు. 1967, 68లలోనే మూడు స్టూడియో ఆల్బమ్‌లు వచ్చేశాయి: ఆర్ యూ ఎక్స్‌పీరియన్స్‌డ్, యాక్సిస్ బోల్డ్ యాజ్ లవ్, ఎలక్ట్రిక్ లేడీల్యాండ్. రెండోదాని మాస్టర్ టేపుని టాక్సీలో మర్చిపోతే, ఒక వైపు పాటలన్నీ హడావిడిగా మళ్లీ మిక్స్ చేయాల్సి వచ్చింది. మూడోది అమెరికాలో నంబర్ 1 అయింది.

మన సెమినార్ హాల్లో మైక్ స్పీకర్ ముందుకెళ్తే కీచుమంటుంది కదా, అదే ఫీడ్‌బ్యాక్. స్పీకర్ శబ్దం మళ్లీ మైక్‌లోకి దూరి, పెరిగి, మళ్లీ బయటికొస్తుంది. మనం చెవులు మూసుకుంటాం. హెండ్రిక్స్ దానితో పాట కట్టాడు. ఆంప్లిఫయర్‌కి ఎంత దూరంలో, ఏ కోణంలో నిలబడితే ఏ స్వరం వస్తుందో అతనికి తెలుసు. సంగీతం రాత చదవడం మాత్రం రాదు.

1969 ఆగస్టు 18, సోమవారం ఉదయం వుడ్‌స్టాక్‌లో అమెరికా జాతీయ గీతాన్ని గిటార్ మీద వాయించాడు. అప్పటికే జనం చాలామంది వెళ్లిపోయారు. వియత్నాం యుద్ధం నడుస్తోంది. గీతం మధ్యలో గిటార్ నుంచి బాంబులు పడుతున్నట్టు, సైరన్లు మోగుతున్నట్టు శబ్దాలు. ఒక్క మాట పాడలేదు. వాయించింది ఒకప్పుడు పారాట్రూపర్ యూనిఫాం వేసుకున్న మనిషి.

స్టూడియో అద్దెలు తడిసి మోపెడవుతున్నాయని న్యూయార్క్‌లో సొంతంగా ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోస్ కట్టించుకున్నాడు. 1970 ఆగస్టు 26న ప్రారంభోత్సవం. సెప్టెంబర్ 18న లండన్‌లో నిద్రమాత్రలు మోతాదు మించి, వాంతి ఊపిరికి అడ్డుపడి చనిపోయాడు.

అంటే 23 రోజులు. టీషర్టు మీద 27 చూసినప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది. ఇంకా చేయాల్సిన పని కోసం గదులు కట్టుకున్నవాడు చావు కోసం ఎదురుచూడలేదు. ఆ గదులు మాత్రం ఖాళీగా ఉండిపోలేదు. 2000లో వచ్చిన డి ఏంజెలో వూడూ, ర్యాపర్ కామన్ లైక్ వాటర్ ఫర్ చాక్లెట్ ఆల్బమ్‌లు అక్కడ రికార్డ్ చేసినవే. స్టూడియో ఇప్పటికీ నడుస్తోంది.