పిలిచినవాడే ముందుగా బయలుదేరెను

యౌవనస్థులకు విశ్వాసమును బోధింపబూనిన ప్రతి పెద్దయెదుట ఒక ప్రశ్న నిలుచును. ఇతరులను నడువుమని చెప్పు త్రోవలో తన పాదములు ఎంతవరకు సాగినవి? పాఠము చక్కగా సిద్ధపరచుకొనుట సులభము. ఆ పాఠమునకు తానే మొదటి శిష్యుడగుట కష్టము. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఈ కష్టమును తప్పించుకొనలేదు.

ఆయన 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లాలన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకం గ్రామ సంఘములో పాదిరి. తల్లి ఎల్లెన్ కుమారుని ప్రార్థనలోను, క్రమశిక్షణలోను పెంచెను. అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని, పరీక్షల సమయమున జబ్బుపడినందున పట్టా పొందలేదు. ఆ లోటు ఆయన సేవకు అడ్డము కాలేదు.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమందలి పట్టణములలో సంచరించుచు విద్యార్థుల మధ్య పనిచేయసాగెను. అమెరికా దేశస్థుడైన షేర్‌వుడ్ ఎడ్డీ ఆయనకు సహచరుడును, ఆప్తమిత్రుడును ఆయెను. ఇరువురును కలిసి ప్రయాణములు చేసిరి, కలిసి మోకరించిరి. అజరయ్య మాటలు యువకుల హృదయములను తాకెను.

1902లో ఆయన సింహళమందలి యాళ్పాణమునకు వెళ్లెను. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ స్వంత కానుకలతో సువార్త సేవకులను దూరప్రాంతములకు పంపుచుండుట చూచెను. తన తిరునెల్వేలి సంఘము ఎంతో పెద్దది; అయినను పరభాషా ప్రాంతమునకు తనంతట తాను ఎవరిని పంపెను? ఈ తలంపు ఆయనను కలవరపరచెను. ఆ కలవరమును ఆయన ఇతరులపై నేరముగా మోపక, తన ప్రార్థనగా మార్చుకొనెను. 1903 ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. 1904లో దాని మొదటి సేవకుడు నిజాము రాజ్యమందలి తెలుగు ప్రజల యొద్దకు బయలుదేరెను. 1905 డిసెంబరు 25వ తేదీన సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘము ఏర్పడగా, దాని కార్యదర్శిత్వము అజరయ్య భుజములపై పడెను.

ఇప్పుడాయన పని దేశమంతట తిరిగి, సువార్తకై జీవితములను అర్పింపుడని యువకులను పిలుచుట. పిలుపు సత్యమే, పిలిచిన స్వరము యథార్థమే. అయినను ఆయన ఎవరికి ఆ మాటలు చెప్పుచుండెనో వారు వెళ్లవలసిన పల్లెకు ఆయన వెళ్లలేదు. యువకులకు ఇచ్చిన సందేశము తిరిగి తన మీదికే వచ్చెను. పేరు, పదవి, పరిచిత స్థలములు అన్నియు చేతిలో నున్న వయస్సులో ఆయన వాటిని విడిచెను. 1909లో, తన 35వ యేట, గురువుగా అభిషేకము పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తోను పిల్లలతోను దోర్నకల్ చేరెను. వేదికలపై అనర్గళముగా మాటలాడినవాడు తెలుగు అక్షరములు దిద్దుకొను విద్యార్థి కావలసివచ్చెను. బోధకునికి ఇంతకంటె మేలైన సిద్ధపాటు ఏది?

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు కానుకలతోపాటు నిజమైన స్నేహమును ఇయ్యవలెనని నిర్భయముగా కోరెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో బిషప్‌గా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదియే మొదలు.

అయినను ఆయన ముఖ్య చింత గ్రామ ఉపదేశకుని గూర్చియే. అణగద్రొక్కబడిన మాల, మాదిగ పల్లెలనుండి వేలాది కుటుంబములు క్రీస్తునొద్దకు వచ్చుచుండెను. వారికి అక్షరములు నేర్పువాడు, ప్రభువు ప్రార్థనయు విశ్వాస ప్రమాణమును పది ఆజ్ఞలును కంఠస్థము చేయించువాడు, రాత్రి ప్రార్థన నడుపువాడు ఆ ఉపదేశకుడే. పెక్కుమంది ఉపదేశకులకు చదువు కొద్దిపాటిదే. పల్లెలోని పిల్లవాడు ముందుగా చదువు గ్రంథము ఉపదేశకుని జీవితమే. కావున అజరయ్య వారికి బోధనా పద్ధతులతోపాటు ప్రార్థనను, వాక్యధ్యానమును, కుటుంబ క్రమమును నేర్పుటకు శ్రమించెను; వారి భార్యలకును శిక్షణ కలుగజేసెను. ఎద్దుబండిపై పల్లెలకు తిరిగి వారి పనిని స్వయముగా చూచెను. 1935 నాటికి ఆ అధ్యక్ష మండలములో 2,000 మందికి పైగా గ్రామ ఉపదేశకులుండిరి.

బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి ఉంచుకొని, సువార్తను ప్రకటింపని యెడల తమకు శ్రమయేయని పౌలువలె ఒప్పుకొనునట్లు ఆయన నేర్పెను. ప్రతి సభ్యుడును సాక్షియే అను పాఠము ఈ విధముగా మొదటి దినముననే ఆరంభమాయెను. మారిన ఆ జీవితములను చూచి ఇతర కులములవారును అనేకులు క్రీస్తును అంగీకరించిరి.

1939 జనవరి 6వ తేదీన దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠింపబడెను. దాని రూపములో ఈ దేశపు శిల్పరీతులు కలిసియున్నవి. 1945 జనవరి 1వ తేదీన అజరయ్య దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించెను. ఆయన ఎంతగానో ప్రయాసపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. ఆ దినమును ఆయన కన్నులు చూడలేదు.

సండేస్కూలులోనో, యౌవనుల కూటములోనో, కన్ఫర్మేషన్ తరగతిలోనో నిలువబోవు పెద్దలకు ఈ జీవితము ఒక దర్పణము. శనివారపు రాత్రి పాఠమును తెరచుటకు ముందు హృదయమును తెరువవలెను. పిల్లలను ప్రార్థింపుమనువాడు తాను ప్రార్థించెనా? క్షమింపుమనువాడు పొరుగువానితో సమాధానపడెనా? ఇయ్యుమనువాడు ఇచ్చెనా? యువకులు ఈ ప్రశ్నలను నోటితో అడుగకపోవచ్చును. కన్నులతో తప్పక అడుగుదురు. అజరయ్యవలె తన సందేశమునకు తానే ముందుగా లోబడిన బోధకుని మాట కొద్దిదైనను నిలుచును.