అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిని నెలకొల్పి, తెలుగు బాలికలకు నర్సు విద్య అందడానికి బాట వేసిన అమెరికా వైద్యురాలు. గుంటూరు వాసులకు కుగ్లర్ ఆసుపత్రి పేరుగా ఈమె సుపరిచితురాలు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు పూర్వపు గుంటూరు జిల్లాలోనివే గనుక, అక్కడి స్త్రీ వైద్య చరిత్రలోనూ ఈమెకు స్థానమున్నది. (2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలో చేరాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.)

బాల్యం, విద్య

కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. ఫిలడెల్ఫియాలో పాఠశాల విద్య ముగించి, అదే నగరంలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టభద్రురాలయింది. 1850లో ప్రారంభమైన ఈ కళాశాల గురించి కొంత చెప్పుకోవాలి. స్త్రీలకు వైద్యవిద్య అనవసరమని పెద్దలు వాదించే కాలంలో, స్త్రీల కోసమే అది ఏర్పడింది. 1869లో దాని విద్యార్థినులు రోగుల దగ్గర జరిగే పాఠాలు వినడానికి పెన్సిల్వేనియా ఆసుపత్రికి వెళ్ళగా, పురుష విద్యార్థులు వారిని గేలిచేసి అవమానించారు. ఆ తరువాత పదేళ్ళకు కుగ్లర్ పట్టా పుచ్చుకున్నది. మన దేశానికి చెందిన ఆనందీబాయి జోషి 1886లో వైద్య పట్టా పొందినది కూడా ఈ కళాశాలలోనే. ఆమె స్వదేశానికి తిరిగి వచ్చి, వృత్తి ప్రారంభించక ముందే 1887లో క్షయవ్యాధితో మరణించడం విషాదకరం.

పట్టా పొందిన తరువాత కుగ్లర్ నారిస్‌టౌన్‌లోని మానసిక చికిత్సాలయంలో స్త్రీల విభాగంలో సహాయ వైద్యురాలిగా పనిచేసింది. ఆ విభాగానికి అధికారిణి ఆలిస్ బెన్నెట్ అనే వైద్యురాలు. ఒక స్త్రీకి అటువంటి అధికారం దక్కడం ఆ దేశంలోనూ అప్పటికి కొత్త.

గుంటూరు రాక

1882లో గుంటూరులోని లూథరన్ మిషనరీ ఆడమ్ రో నుండి కుగ్లర్‌కు లేఖ అందింది. ఇక్కడి స్త్రీలకు వైద్యురాలి అవసరం ఎంతో ఉన్నదని అందులోని సారాంశం. రో ఆ సంవత్సరమే మరణించాడు. గుంటూరు మిషన్‌ను 1842లో ఆరంభించిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ కూడా నడుమ స్వదేశానికి వెళ్ళి వైద్య పట్టా సంపాదించుకొని తిరిగి వచ్చినవాడే. అయినా స్త్రీలను పరీక్షించడానికి స్త్రీయే కావలసి వచ్చింది. ఘోషాలో ఉండేవారు, అగ్రవర్ణ కుటుంబాల వారు పరపురుషుని చేత నాడి చూపించుకోవడానికి ఇష్టపడేవారు కారు. కాన్పు వికటిస్తే మంత్రసానియే దిక్కు.

కుగ్లర్ లూథరన్ స్త్రీల మిషనరీ సంఘానికి దరఖాస్తు చేసుకున్నది. అయితే వైద్య సేవ చేపట్టడానికి ఆ సంఘం అప్పటికి సిద్ధంగా లేదు. చదివిన చదువు పక్కనపెట్టి, బోధన కోసం, ఘోషా స్త్రీల మధ్య సేవ కోసం వెళ్ళడానికే ఆమెను నియమించింది. ఆమె అందుకు అంగీకరించి, మందులను మాత్రం వెంట తెచ్చుకొని 1883 నవంబరులో గుంటూరు చేరింది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. ప్రత్యేక జిల్లా 1904లో ఏర్పడింది.

తొలి సంవత్సరాలలో ఆమె తెలుగు నేర్చుకొంటూ, బాలికల పాఠశాలల పర్యవేక్షణ చూస్తూ, పిలిచిన ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసింది. ఆమె ముట్టుకొంటే మైల అని భావించి, వెళ్ళిన తరువాత స్నానం చేసే ఇళ్ళు కూడా ఉండేవి. అయినా రోగులు తగ్గలేదు. ఈ పని చూసిన సంఘం 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. లండన్‌లోనో, మద్రాసులోనో కాక ఒక చిన్న పట్టణంలో రోగుల రాకే ఆ నిర్ణయాన్ని మార్పించిందనడం సబబు.

ఆసుపత్రి నిర్మాణం

1889లో సెలవుపై అమెరికా వెళ్ళినపుడు ఆమె ఆసుపత్రి కోసం విరాళాలు సేకరించింది. తిరిగి వచ్చిన తరువాత, 1893 నాటికి మందులిచ్చే భవనం, ఆ దశాబ్దం ముగిసేలోగా 50 పడకల ఆసుపత్రి సిద్ధమయ్యాయి.

అప్పటి రాకపోకలను గుర్తుచేసుకొంటే ఈ ఆసుపత్రి విలువ తెలుస్తుంది. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక పశ్చిమ డెల్టాలో కాలువలు వచ్చాయి. దుగ్గిరాల నుండి బాపట్ల వైపు సాగే కొమ్మమూరు కాలువలో పడవలు నడిచేవి. మిగిలిన దారి ఎడ్లబండిపైనే. తెనాలి, బాపట్లల మీదుగా బెజవాడ - మద్రాసు రైలు మార్గం 1899లో పూర్తయింది. గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు రైలు 1916లో గాని రాలేదు. కష్టపు కాన్పుతో ఉన్న స్త్రీకి అన్ని మైళ్ళ ప్రయాణమంటే ప్రాణసంకటమే. అందువలన ఒక్క ఆసుపత్రితో పని తీరదని, పల్లెలకు దగ్గరగా శిక్షణ పొందిన స్త్రీలు ఉండాలని తేలింది.

శిక్షణ

1890ల మధ్యలో నర్సు క్యాథరిన్ ఫాస్, వైద్యురాలు మేరీ బేర్ అమెరికా నుండి వచ్చి కుగ్లర్‌తో కలిశారు. ఆసుపత్రిలో తెలుగు బాలికలకు నర్సు పని, మందులు కలిపే కాంపౌండరు పని నేర్పడం ఆరంభమయింది. ఇది తేలికైన పని కాదు. పరాయివారి మలమూత్రాలు, నెత్తురు ముట్టుకొనే వృత్తిని గౌరవప్రదమైనదిగా భావించే కుటుంబాలు నాడు అరుదు. పెళ్ళి కావలసిన పిల్లను రాత్రి పనికి పంపడం మరీ కష్టం. అందుచేత ముందుకు వచ్చినవారిలో క్రైస్తవ కుటుంబాల బాలికలే అధికం. వీరికి చదువునూ, ఉపాధినీ ఒకేసారి ఇచ్చిన మార్గాలు ఆనాడు ఉపాధ్యాయ వృత్తి, నర్సు వృత్తి మాత్రమే అంటే అతిశయోక్తి కాదు.

వైద్య పట్టా కోరే తెలుగు స్త్రీ మాత్రం మద్రాసు వెళ్ళవలసిందే. మద్రాసు వైద్య కళాశాల 1875లో స్త్రీలను చేర్చుకొన్నది. 1918లో ఐడా స్కడర్ వేలూరులో మహిళా వైద్య పాఠశాల ప్రారంభించాక మరొక దారి ఏర్పడింది. గుంటూరుకు వైద్య కళాశాల 1946లో వచ్చింది. అప్పటికి కుగ్లర్ మరణించి పదహారేళ్ళు. నర్సులు, మంత్రసానుల నమోదుకు మద్రాసు రాష్ట్రంలో 1926లో చట్టం వచ్చింది.

మేరీ బేర్ తరువాత చీరాలలో వైద్యసేవ చేపట్టింది. పల్నాడులోని రెంటచింతలలో కూడా కుగ్లర్ ప్రోత్సాహంతో వైద్యశాల వెలసింది.

గౌరవాలు, చివరి రోజులు

బ్రిటిష్ ప్రభుత్వం 1905లో కుగ్లర్‌కు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1917లో మరొకసారి అదే గౌరవం దక్కింది. తన కుటుంబానికి చేసిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు, రోగుల బంధువులు ఉండడానికి ఆసుపత్రి ఆవరణలో సత్రం కట్టించాడు. మనవైపు రోగి ఒంటరిగా రాడు, వంటసామానుతో సహా ఇంటిల్లిపాదీ వస్తారు గనుక ఇది పతకాల కంటె ఉపయోగకరమైన కానుక.

1928లో ఆమె ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా ప్రచురించింది. చివరి సంవత్సరాలలో రక్తహీనతతో బాధపడుతూ 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె వివాహం చేసుకోలేదు. ఆమె మరణానంతరం ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు.