అల్మారాలో ఐదు విమానాలు – జె.ఆర్.డి. టాటా జీవితం

మన యూనిట్లలో ఏ క్రూ రూమ్‌కి వెళ్ళినా గాజు అల్మారాలో మిగ్‌లు, హంటర్‌లు, నాట్‌ల మోడళ్ళు కనిపిస్తాయి. పోస్టింగ్ మీద వెళ్ళేవాళ్ళకి ఇచ్చే జ్ఞాపికలూ అవే. ప్రయాణికుల విమానం మోడల్ మాత్రం చాలా అరుదు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన తర్వాత నేను పట్టుకున్న కాలక్షేపం ప్లాస్టిక్ కిట్లతో మోడళ్ళు చేయడం. అందులోనూ పాత సివిల్ విమానాలే చేస్తాను. ఇంటికొచ్చిన పాత మిత్రులు ఇదేం పిచ్చి, మన విమానాలు చేయక ఇవెందుకని అడుగుతుంటారు. వాళ్ళకి అల్మారాలో రెండో అర చూపిస్తాను. అక్కడ ఐదు విమానాలున్నాయి. అన్నీ 1/144 కొలతలోనివే. అంటే అసలు విమానంలో 144 అంగుళాలు ఇక్కడ ఒక్క అంగుళం. ఆ ఐదూ కలిసి చెప్పేది ఒకే మనిషి కథ. ఆయన జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. మనందరికీ జె.ఆర్.డి.

ఆయన 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి పార్సీ, తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. చిన్నప్పుడు సెలవులకి ఫ్రాన్స్ సముద్రతీరంలోని హార్డెలో అనే ఊరికి వెళ్ళేవారు. ఇంగ్లిష్ ఛానెల్‌ని విమానంలో మొట్టమొదట దాటిన లూయీ బ్లెరియోకి అక్కడ ఇల్లుండేది. ఆ ఇసుక మీద విమానాలు దిగుతుంటే చూసి పిల్లవాడికి ఎగరాలన్న కోరిక నాటుకుపోయింది. పదిహేనో ఏట మొదటిసారి విమానం ఎక్కారు.

మనవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జె.ఆర్.డి. కూడా ఒక ఏడాది యూనిఫాం వేసుకున్న మనిషే. ఫ్రెంచి పౌరసత్వం ఉండడంతో ఆ దేశపు నిబంధన ప్రకారం స్పాహీ అనే అశ్వికదళంలో చేరారు. ఇంకొంత కాలం ఉండి అశ్విక పాఠశాలలో శిక్షణ పొందాలనుకుంటే తండ్రి ఒప్పుకోలేదు, ఇండియాకి పిలిపించేశారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆయన పనిచేసిన రెజిమెంటు మొరాకోలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తండ్రి మాట వినకపోయుంటే మన దేశపు విమానయాన చరిత్ర మరోలా ఉండేది.

1929 ఫిబ్రవరి 10న ఆయనకి పైలట్ లైసెన్సు వచ్చింది. ఇండియాలో ఇచ్చిన లైసెన్సుల్లో దాని నంబరు 1. మరుసటి ఏడాది ఆగా ఖాన్ ఒక పోటీ పెట్టారు. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి బహుమతి. జె.ఆర్.డి. కరాచీ నుంచి బయల్దేరారు. ఎదురు దిక్కు నుంచి ఆస్పీ ఇంజనీర్ అనే కుర్రాడు వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. ఆస్పీ విమానంలో స్పార్క్ ప్లగ్ పాడై అక్కడే చిక్కుకుపోయాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న ప్లగ్ తీసి ఇచ్చేశారు. కొన్ని గంటల తేడాతో పోటీ ఆస్పీయే గెలిచాడు. ఆ కుర్రాడే తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో చేరి, 1960 డిసెంబరులో చీఫ్ ఆఫ్ ద ఎయిర్ స్టాఫ్ అయిన ఎయిర్ మార్షల్ ఆస్పీ ఇంజనీర్.

ఇక అరలో మొదటి విమానం. డి హావిలాండ్ పస్ మాత్. అసలు విమానం రెక్కల పొడవు 11.2 మీటర్లు. నా మోడల్‌లో అది ఎనిమిది సెంటీమీటర్లకి కూడా రాదు, అరచేతిలో పట్టేస్తుంది. దీనికి ఈ కొలతలో కిట్ నాకు దొరకలేదు. పలచటి ప్లాస్టిక్ షీటు కోసి, డ్రాయింగు చూసి చేసుకున్నాను. రెక్కల కింద ఊతకర్రలు పెట్టేటప్పటికి ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ మాజీ పైలట్ నెవిల్ విన్సెంట్ తెచ్చిన ఆలోచనతో, రెండు లక్షల రూపాయల పెట్టుబడితో టాటాలు టపా సర్వీసు మొదలుపెట్టారు. ప్రభుత్వం నుంచి సబ్సిడీ లేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. కరాచీలోని డ్రిగ్ రోడ్ నుంచి సుమారు 25 కిలోల టపాతో ఒక్కరే బయల్దేరారు. రేడియో లేదు, దారి చూపే సాధనం లేదు. కళ్ళకి గాగుల్స్, చేతిలో స్లైడ్ రూల్. అహ్మదాబాద్‌లో దిగితే పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. అక్కడి నుంచి టపాని విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. బళ్ళారి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి మన తెలుగువాళ్ళకీ ఆ మొదటి టపాతో చుట్టరికం ఉంది. 1942లో యుద్ధకాలంలో ఇంగ్లండు వెళ్తూ విన్సెంట్ విమానంతో సహా కనిపించకుండా పోయారు. జె.ఆర్.డి.కి అది పెద్ద దెబ్బ.

రెండోది డకోటా. రెక్కలు 20 సెంటీమీటర్లు. కిట్ ఒకటే, వేసే రంగు మాత్రం మనిష్టం. ఎయిర్‌ఫోర్స్ గుర్తులు అంటిస్తే 12 స్క్వాడ్రన్‌ది, తెలుపు-వెండి రంగు వేస్తే ఎయిర్ ఇండియాది. నేను రెండోదే చేశాను. 1946లో టాటా ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాగా మారింది. యుద్ధం అయ్యాక మిగిలిన డకోటాలే అప్పటి కంపెనీలన్నిటికీ ఆధారం. టాటాల భాగస్వామ్యంతో నిజాం రాజ్యంలో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా బేగంపేట నుంచి వీటినే నడిపింది. 1947 అక్టోబరు 27న శ్రీనగర్‌కి సిక్కు రెజిమెంటు జవాన్లని దింపినప్పుడు మన ఎయిర్‌ఫోర్స్ డకోటాలతో పాటు సివిల్ కంపెనీల డకోటాలూ వెళ్ళాయి. సివిల్ విమానాలు మనకి పరాయివి కావని మిత్రులకి చెప్పడానికి ఈ ఒక్క మోడల్ చాలు.

మూడోది లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్. వంపు తిరిగిన ఒళ్ళు, మూడు తోకలు. కిట్టులో మూడు తోకలూ నిటారుగా నిలబెట్టడం ఒక పరీక్ష. ముక్కులో సీసం గుండ్లు అంటించకపోతే తోక మీద కూర్చుంటుంది. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే పేరుతో ఈ విమానమే బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కి మన మొదటి అంతర్జాతీయ సర్వీసు నడిపింది. జె.ఆర్.డి. ప్రయాణికుల్లో ఒకరుగా వెళ్ళారు. స్వతంత్రం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. రెండేళ్ళ తర్వాత, 1950 నవంబరు 3న అదే మలబార్ ప్రిన్సెస్ ఆల్ప్స్‌లో మోబ్లాంక్ పర్వతాన్ని ఢీకొంది. ఉన్న 48 మందీ పోయారు.

1953లో ప్రభుత్వం విమాన కంపెనీలని జాతీయం చేసింది. తాను పెంచిన సంస్థ చేయి జారిపోతుంటే జె.ఆర్.డి. గట్టిగానే అభ్యంతరం చెప్పారు. అయినా ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ ఛైర్మన్‌గా ఉండమంటే ఉన్నారు. జీతం లేకుండా 25 ఏళ్ళు చేశారు. విమానం ఎక్కినప్పుడల్లా కాగితం మీద నోట్స్ రాసుకునేవారు. టీ, కాఫీ రంగులో తేడా తెలియడం లేదని, ఫలానా సీటు సరిగా వాలడం లేదని, కౌంటర్ మీద దుమ్ముందని. కౌంటర్ మురికిగా కనిపిస్తే తానే తుడిచిన సందర్భాలున్నాయి. ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. కిట్ చేసేటప్పుడు గరుకు కాగితంతో అతుకు రుద్ది, వెలుతురులో పట్టి చూసి, మళ్ళీ రుద్దుతుంటే నాకు ఆయన నోట్సే గుర్తొస్తాయి.

నాలుగోది బోయింగ్ 707, రెక్కలు 30 సెంటీమీటర్లు. 1960లో ఇది వచ్చింది, ఆ ఏడాదే న్యూయార్క్ సర్వీసు మొదలైంది. 1962కల్లా ఎయిర్ ఇండియా అన్నీ జెట్ విమానాలే ఉన్న సంస్థ అయింది.

ఐదోది బోయింగ్ 747. పేరు ఎంపరర్ అశోక, 1971లో వచ్చింది. రెక్కలు 41 సెంటీమీటర్లు, పొడవు 49. పక్కనే పస్ మాత్ పెడితే ఈగలా ఉంటుంది. ఆ ఎనిమిది సెంటీమీటర్ల నుంచి ఈ 41 సెంటీమీటర్ల దాకా 39 ఏళ్ళు. దీనికి ప్రతి కిటికీ చుట్టూ రాజస్థానీ ఝరోకా ఆకారంలో ఎర్ర గీత ఉండేది. నీళ్ళలో నానబెట్టిన స్టిక్కర్లని పట్టకారుతో ఒక్కొక్క కిటికీకి అంటించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

1978 జనవరి 1 రాత్రి ఎంపరర్ అశోక బొంబాయి నుంచి దుబాయ్‌కి లేచి, నిమిషాల్లోనే సముద్రంలో పడింది. 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న ఆటిట్యూడ్ ఇండికేటర్ పాడైందని, చీకటి సముద్రం మీద విమానం ఎటు వాలిందో ఆయనకి తెలియలేదని, మిగతా ఇన్‌స్ట్రుమెంట్లు చూసి సరిదిద్దుకోలేకపోయారని దర్యాప్తులో తేలింది. ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా బతికినవాణ్ణి, ఈ మోడల్ ముందు నిలబడినప్పుడల్లా నేను సంతకం పెట్టిన ఫారాలన్నీ కళ్ళముందు తిరుగుతాయి. చిన్న పని అనేది ఏదీ లేదు.

ఆ ప్రమాదం జరిగిన నెలకే, 1978 ఫిబ్రవరిలో ప్రభుత్వం జె.ఆర్.డి.ని ఛైర్మన్ పదవి నుంచి తప్పించింది. ఆయన స్థానంలో వచ్చింది 1971 యుద్ధంలో మన ఎయిర్‌ఫోర్స్‌ని నడిపిన ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్. 1980లో జె.ఆర్.డి.ని మళ్ళీ బోర్డులోకి తీసుకున్నారు గానీ ఛైర్మన్‌గా కాదు.

ఇంకొకరైతే అక్కడితో చాలనుకునేవారు. 1982 అక్టోబరు 15న, మొదటి టపాకి యాభై ఏళ్ళు నిండిన రోజున, 78 ఏళ్ళ వయసులో జె.ఆర్.డి. పస్ మాత్‌కి తమ్ముడిలాంటి లెపర్డ్ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ ఎగిరొచ్చారు. 747ల దాకా వెళ్ళిన మనిషి చివరికి అరచేతిలో పట్టే విమానం దగ్గరికే తిరిగొచ్చారు.

ఎయిర్‌ఫోర్స్ ఆయనకి 1974లో గౌరవ ఎయిర్ వైస్ మార్షల్ హోదా ఇచ్చింది. 1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. పారిస్‌లో ఖననం చేశారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. చూడడానికి ఆయన లేరు.

మలబార్ ప్రిన్సెస్ మంచులో, ఎంపరర్ అశోక సముద్రంలో కలిసిపోయాయి. మనలాంటివాళ్ళ అల్మారాల్లో వాటి రూపం మిగిలింది. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి, రిటైరైన అన్నలకి నా మనవి ఒక్కటే. మీ అల్మారాలో మిగ్ పక్కన ఒక సివిల్ విమానానికీ చోటివ్వండి. సెలవుల్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ముందు చిన్నదే మొదలుపెట్టండి. జె.ఆర్.డి. మొదలుపెట్టింది కూడా చిన్నదానితోనే.