బో స్ట్రీట్ ధర్మశాలకు తొంభై ఏళ్ల శుభాకాంక్షలు

కలకత్తా నడిబొడ్డున, బౌబజార్ సందడికి కాస్త ఎడంగా బో స్ట్రీట్ అని ఓ చిన్న వీధి ఉంది. ఆ చుట్టుపక్కలే చీనావాళ్ల టిరెట్టా బజార్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండే ఎర్ర ఇటుకల బో బ్యారక్స్. ఇన్ని జాతుల ఇరుగుపొరుగు మధ్య మానెక్‌జీ రుస్తుంజీ పార్సీ ధర్మశాల ఉంది. 1909లో స్థాపించారు. పాత కట్టడం తీసేసి 1936లో ఇప్పుడున్న భవనం కట్టారు. 2026తో ఆ భవనానికి తొంభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ ఇంటిని నడుపుతున్నవారికి, అక్కడ వంట చేసేవారికి, పక్కలు సర్దేవారికి, వేళకాని వేళ వచ్చిన అతిథికి తలుపు తీసేవారికి మనసారా అభినందనలు.

కళాశాలకు పండుగ చేస్తారు, ఆసుపత్రికి చేస్తారు. వాటికి పూర్వ విద్యార్థులుంటారు, పేరుమోసిన వైద్యులుంటారు. రెండు రాత్రులు తలదాచుకుని వెళ్లిపోయేవాళ్ల ఇంటికి అలా వెనకేసుకొచ్చేవాళ్లు ఉండరు. వచ్చినవాళ్లు పని చూసుకుని రైలెక్కుతారు. ఎంత బాగా జరిగితే అంత మామూలుగా అనిపించే సేవ ఇది. అందుకే సత్రాల తొంభై ఏళ్లు ఎవరి లెక్కలోకీ రాకుండా గడిచిపోతాయి. ఈ ఒక్క ఇంటి విషయంలోనైనా అలా జరగకూడదని ఈ నాలుగు మాటలు.

కలకత్తాకు వచ్చిన తొలి పార్సీగా చరిత్ర చెప్పే దాదాభాయ్ బెహ్రాంజీ బనాజీ సూరత్ నుంచి 1767లో వచ్చాడు. ఆ కుటుంబంలోనివాడే రుస్తుంజీ కవాస్జీ. ఓడలు నడిపాడు, ఖిదిర్‌పూర్ రేవు కొన్నాడు, ద్వారకానాథ్ ఠాగూర్‌తో వ్యాపారాల్లో కలిసి పనిచేశాడు. 1839లో ఎజ్రా స్ట్రీట్‌లో ఈ నగరపు తొలి పార్సీ అగ్ని దేవాలయం కట్టించాడు. ఆ రోజుల్లోనే మన యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య కాశీ నుంచి తిరిగివస్తూ 1831లో కలకత్తా చూశాడు. దారి పొడుగునా ఎక్కడ దిగాలి, నీళ్లున్నాయా, వంటకు చోటుందా అన్నదే ఆ మహానుభావుడి రోజువారీ చింత. ఆ కాలంలో ఊరుగాని ఊరు వెళ్లడమంటే బస వెతుక్కోవడమే సగం ప్రయాణం.

రుస్తుంజీ కవాస్జీ కొడుకు మానెక్‌జీ రుస్తుంజీ. 1874లో కలకత్తా షెరీఫ్‌గా పనిచేసిన పెద్దమనిషి. ఆయన పోయిన తర్వాత ఆయన జ్ఞాపకంగా వెలసిందే ఈ ధర్మశాల. పెద్దవాళ్ల పేరిట శిలావిగ్రహాలు నిలబెట్టడం ఆ రోజుల్లో కలకత్తాకు బాగా అలవాటు. ఆయన పేరిట మాత్రం బాటసారికి మంచమూ భోజనమూ ఏర్పాటు చేశారు. నన్నడిగితే అంతకన్నా మంచి స్మారకం లేదు.

అది 1909. గోదావరి లంకల్లో దారిన పోయే వేలమందికి వేళ చూడకుండా వడ్డించిన డొక్కా సీతమ్మగారు కన్నుమూసిన ఏడాది కూడా అదే. బొంబాయి వైపు నుంచి తూర్పుకు పార్సీల రాకపోకలు పెరుగుతున్న రోజులవి. అంతకు రెండేళ్ల ముందే టాటా ఇనుము కంపెనీ ఏర్పడింది. సాక్చి అడవుల్లో, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, కర్మాగారం పని మొదలైంది. కలకత్తాలో జంషెడ్‌జీ ఫ్రాంజీ మదన్ నాటకాలు దాటి సినిమాలోకి అడుగుపెట్టాడు. ఉద్యోగానికి, బేరానికి, నాటకానికి, రంగూన్ ఓడ పట్టుకోవడానికి ఎవరు వచ్చినా హౌరాలో దిగాక ఒక చిరునామా కావాలి. బంధువులున్నవాళ్లకు సరే. లేనివాళ్లకో?

పార్సీ కుటుంబానికి ఇంకో అవసరం కూడా ఉంది. దాన్ని తలుచుకుంటే ఈ ఇంటి విలువ బాగా తెలుస్తుంది. ఎవరైనా పోతే వాళ్ల కర్మకాండలో మొదటి నాలుగు రోజులు ముఖ్యం. మూడో రోజు మధ్యాహ్నం ఉఠమ్నా ప్రార్థన, నాలుగో రోజు తెల్లవారుజామున ఆత్మను సాగనంపే ప్రార్థన. బేలియాఘాటాలో 1822 నాటి దఖ్మా, అంటే పోయినవాళ్లను ఉంచే మౌనగోపురం, ఉంది. బొంబాయిలోనో నవసారిలోనో ఉన్న అన్నదమ్ములకు కబురందుతుంది, దొరికిన బండి పట్టుకుని వస్తారు. ఆ నాలుగు రోజులూ వాళ్లు ఎక్కడుండాలి? పోయినవాళ్ల ఇల్లు అప్పటికే జనంతో నిండి ఉంటుంది. హోటల్ గదిలో దుఃఖంతో ఉన్న మనిషికి తన ఆచారం తెలిసినవాళ్లు దొరకరు. తల మీద టోపీ పెట్టుకుని, నడుముకున్న కుస్తీ అనే పవిత్రమైన దారం విప్పి కట్టుకుంటూ వెలుగు వైపు తిరిగి ప్రార్థన చేసుకుంటుంటే వింతగా చూడని చోటు కావాలి. 1912లో ప్రతిష్ఠించిన రెండో అగ్ని దేవాలయం మెట్‌కాఫ్ స్ట్రీట్‌లో ఉంది. ధర్మశాల నుంచి నడిచి వెళ్లే దూరమే. ఎజ్రా స్ట్రీట్‌లో ఇప్పుడు అగ్ని లేదు, ఆ వీధంతా కరెంటు సామాన్ల కొట్లు. కనుక పూజకు వెళ్లే పార్సీ ప్రయాణికుడికి ఈ బస ఎంత దగ్గరో అంత అండ.

పండుగ మాటల్లో చావు ప్రస్తావన తెచ్చానని పెద్దలు అన్యథా భావించరనే నమ్మకం. ఆ మాటకొస్తే ఈ సమాజానికి ఏ పూట ఏం వండాలో కచ్చితంగా తెలుసు. పార్సీ వంట అనగానే అందరూ తలుచుకునే ధన్‌సాక్‌ను శుభకార్యాల్లో వండరు. పప్పులు, గుమ్మడికాయ, వంకాయ, మాంసం కలిపి ఉడికించి, గోధుమరంగు అన్నంతో తినే ఆ వంటకం చావు జరిగిన నాలుగో రోజుకు చెందింది. మామూలు ఆదివారాలకూ చెందింది. పండుగ రోజైతే ధన్ దార్, పటియో. తెల్లటి అన్నం, మెత్తగా మెదిపి తాలింపు పెట్టిన పసుపుపచ్చ పప్పు, పక్కన పులుపూ తీపీ కారమూ కలిసిన చేపల పులుసు. పొద్దున్నే నేతిలో వేయించిన సేమియాలో చక్కెర, యాలకులు, కిస్‌మిస్ వేసి, తీపి పెరుగుతో తింటారు. మిష్టి దోయికి పేరుబడ్డ ఊళ్లో ఆ పెరుగుకు లోటేముంది! అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే పాత్రానీ మచ్ఛీని చూస్తే బెంగాలీకి తన భెట్కీ పాతురి గుర్తొస్తుంది. ఇన్నేళ్ల పొరుగువాళ్లకు ఒకరి వంట ఒకరికి కొత్త అనిపించదు.

శుభదినాన పార్సీ గుమ్మం ముందు చాక్ వేస్తారు. అడుగున చిల్లులు పెట్టిన రేకు డబ్బాలో సున్నపు పొడి నింపి, గడప పక్కన నేల మీద ఆనించి తడతారు. డబ్బా ఎత్తితే చేపలో పువ్వులో అచ్చు పడి ఉంటాయి, వాటి మీద రంగు పొడులు చల్లుతారు. పైన ద్వారానికి పూల తోరణం. మన సంక్రాంతి ముగ్గుకు దాయాది లాంటిది. చేయి తిప్పే పనితనం బదులు అక్కడ అచ్చు ఉంటుంది, అంతే తేడా. తొంభయ్యో ఏట ఆ గడప పక్కన కొంచెం పెద్ద చాక్ పడాలని నా కోరిక.

ఈ ధర్మశాలలో బస పార్సీలు మొదలైన జొరాస్ట్రియన్ మతస్థులకే. భోజనం మాత్రం ముందుగా చెప్పి పెట్టుకుంటే బయటివాళ్లకూ దొరుకుతుంది. మనవాళ్లకే అన్న నియమం ఇరుకు కాదా అని అడిగేవాళ్లుంటారు. నాకలా అనిపించదు. నగరంలో ఎవరికైనా దొరికే గదులు బోలెడు. ఒక చిన్న సమాజపు మనిషికి మాత్రమే సరిపడే గది అరుదు. ఇలాంటి అవసరం గుర్తించే ఆస్ట్రేలియాలో ఆదివాసుల కోసం 1973లోనే అబోరిజినల్ హాస్టల్స్ సంస్థ పెట్టారు. ఆ దేశపు పడమటి ప్రాంతంలో బ్రూమ్, డెర్బీ వంటి ఊళ్లలో కొద్దిరోజుల బసలు ప్రత్యేకంగా కట్టారు. మారుమూల పల్లెల నుంచి ఆసుపత్రికో, కోర్టుకో, అంత్యక్రియలకో వచ్చినవాళ్లు బంధువుల ఇళ్లలో ఇరుక్కోవడమో ఆరుబయట పడుకోవడమో జరగకూడదని ఆ ఏర్పాటు. కలకత్తాలోనే రసెల్ స్ట్రీట్‌లో మేఘాలయ హౌస్, షేక్‌స్పియర్ సరణిలో నాగాలాండ్ హౌస్, ఓల్డ్ బాలీగంజ్ రోడ్డులో మిజోరం హౌస్ ఉన్నాయి. కొండల మీది నుంచి వైద్యానికి వచ్చే ఎందరో గిరిజనులకు ఈ మహానగరంలో తమ మాట వినిపించే చోట్లు అవి. మన సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ గిరిశిఖర గ్రామాల గర్భిణులకు వసతి గృహం పెట్టింది. నెలలు నిండేవేళకు ముందే కిందికి వచ్చి ఉంటే, నొప్పులు మొదలయ్యాక డోలీలో మోసుకొచ్చే బాధ తప్పుతుంది. ఇవన్నీ ప్రభుత్వాలు చేసినవి, చేయవలసినవి. బో స్ట్రీట్ ఇల్లు ఓ సమాజం సొంత డబ్బుతో చేసుకున్నది, అదీ నూరేళ్లకు పైగా.

ఆ సమాజం తరిగిపోతున్న సంగతి దాచవలసింది కాదు. 1941లో దేశంలో 1,14,890 మంది పార్సీలుండేవారు. 2011 జనాభా లెక్కల్లో తేలింది 57,264 మంది. కలకత్తాలో మిగిలింది కొన్ని వందలే. ఇలా తగ్గేటప్పుడు ఎవరైనా మొదట మూసుకునేది అతిథి గదినే. భూమి ధర తెలిసిన నగరంలో, నడిబొడ్డున ఉన్న స్థలంలో, ఎవరో వస్తారని మంచాలు వేసి ఉంచడం తేలికైన నిర్ణయం కాదు. ఆ నిర్ణయాన్ని తరం తర్వాత తరం మళ్లీ మళ్లీ తీసుకుంటూ వచ్చిన ధర్మకర్తలకు ఈ అభినందనలో పెద్ద వాటా చెందాలి. ఇంకో పెద్ద వాటా వంటింటిది.

ధర్మశాల పెద్దలారా, ఇంకో పదేళ్లకు ఈ భవనానికి నూరేళ్లు. ఆలోగా పాత కలప తలుపులకు, కిటికీలకు మంచి వడ్రంగి దొరకాలి. బొంబాయి నుంచి, జంషెడ్‌పూర్ నుంచి, మా సికింద్రాబాద్ నుంచి పార్సీ పిల్లలు పరీక్షలకు వచ్చి మీ దగ్గర దిగాలి. వాళ్ల నవ్‌జోత్ దీక్షలకూ పెళ్లిళ్లకూ చుట్టాలతో గదులు చాలక, వరండాలో అదనంగా మంచాలు వేయవలసి రావాలి. మీ ఇంటిల్లిపాదికీ, మీ అతిథులందరికీ తందురుస్తీ!