బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి చరిత్రము

విద్యాలయమునకు భవనము నిర్మించుట ధనవంతులకు సాధ్యమగును గాని, దానికి ప్రాణము గురువుయొక్క శీలమే. ఆంధ్రదేశమున నీ సత్యమును తమ బ్రతుకుచేత నిరూపించినవారు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు.

వీరు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైనికోద్యోగి యగుటచే బాల్యము కొంతకాలము ఉత్తరదేశమున గడచినది. పిమ్మట హైదరాబాదునందును, చెన్నపురి క్రైస్తవ కళాశాలయందును విద్య నభ్యసించిరి. ఆ కళాశాలాధ్యక్షులగు విలియం మిల్లరు దొరగారియెడ వీరికి మిక్కిలి గురుభక్తి. అయినను మతవిషయమున వీరు స్వీకరించినది రామమోహనరాయలవారు 1828లో స్థాపించిన బ్రహ్మసమాజ మార్గమునే.

యౌవనముననే భార్య పరమపదించినది. వీరు పునర్వివాహము చేసికొనక, ఆజన్మాంతము శుభ్రవస్త్రధారులై, నిరాడంబరముగా జీవించిరి. మచిలీపట్టణపు నోబులు కళాశాలలో బోధించునాడు ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగార్ల వంటివారు వీరి శిష్యులైరి.

ఆ కాలమున వివాహములందును, అధికారుల విందులందును భోగముమేళము పెట్టుట గౌరవచిహ్నము. నాయుడుగారు సంఘశుద్ధి యుద్యమము నడపి, అట్టి సభలకు పోరాదని బోధించిరి. పెద్దల యాగ్రహమునకు వెఱవలేదు. మేళముపై జీవించు స్త్రీలకు వేఱు జీవనోపాధి చూపుటయందు ఆనాటి సంస్కర్తలు తగినంత శ్రద్ధ వహింపలేదనుట నిజమే. అయినను వినోదము పేర స్త్రీని అవమానించుట తప్పని చదువుకొన్న యువకుల మనస్సున నాటినవారిలో వీరు ముఖ్యులు.

1899 మొదలు 1904 వఱకు సికింద్రాబాదు మహబూబు కళాశాలకును, తరువాత 1919 వఱకు కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకును అధ్యక్షులుగా నుండిరి. వీరి కీర్తికి మూలము ఆ కాకినాడ కాలమే. తమ జీతములో పెద్దభాగమును బీదవిద్యార్థుల భోజనమునకును, రుసుములకును వెచ్చించిరి. బాలురతోపాటు బాలికలను కళాశాలలో చేర్చుకొనిరి. అస్పృశ్యులనబడిన కులముల బాలురను తమ యింట నుంచుకొని చదివించిరి. ఇట్లు చేయుటచే వారి యుపదేశమునకును, నడవడికిని నడుమ భేదము వెదకువారికి సందు దొరకలేదు. పిఠాపురము మహారాజావారు వీరియందలి భక్తిచే కాకినాడలో అనాథశరణాలయమును పోషించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి వంటి కవులు వీరి ప్రభావమున పెరిగిరి.

1924లో ప్రభుత్వము వీరికి సర్ బిరుదము నొసగెను. 1925 మొదలు 1928 వఱకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, కులపతి యను పేరున ప్రసిద్ధులైరి. పదవి పెరిగినను జీవనవిధానము మారలేదు. 1939వ సంవత్సరము మే 26వ తేదీన స్వర్గస్థులైరి.

మన పొదిలి వంటి మెట్టసీమయందు రైతు వానలు తప్పిన యేడును బిడ్డల చదువునకై అప్పు తెచ్చుచున్నాడు. బిడ్డను పాఠశాలలో చేర్చునపుడు రుసుమునుగూర్చియు, మార్కులనుగూర్చియు విచారించు తండ్రి, అచ్చటి గురువు ఎట్టివాడని కూడ విచారింపవలదా? పాఠశాలలు నడపువారు ఏటేట ఒక బీదబిడ్డనైన ఉచితముగా చదివింపవలదా? నాయుడుగారికి మనము చేయదగిన పూజ యిదియే.