దుర్గాబాయి దేశ్‌ముఖ్

హొసూరు, బాగేపల్లి, చింతామణి వంటి ఊళ్ళ నుండి పైచదువులకు వెళ్ళే బాలికల ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పక వస్తుంది. కళాశాలలో చేర్చుకున్నా, పిల్ల ఉండేది ఎక్కడ? సుమారు తొంభై ఏళ్ళ క్రితం దుర్గాబాయికీ ఇదే ప్రశ్న ఎదురైంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లిదండ్రులు కృష్ణవేణమ్మ, రామారావు. ఎనిమిదవ ఏటనే ఆమెకు పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ బంధాన్ని అంగీకరించలేదు. చిన్ననాడే హిందీ నేర్చుకొని స్త్రీలకు నేర్పారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని చెరసాలకు వెళ్ళారు. చదువు లేక, చట్టం తెలియక మగ్గిపోతున్న స్త్రీలను అక్కడ చూశారు. వారికి తోడ్పడాలంటే ముందు తాను చదవాలని నిశ్చయించుకున్నారు.

ఆమె పట్టుదలతో కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. పట్టభద్రురాలు కావాలని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అప్పటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి. స్త్రీలకు వసతిగృహం లేదు కనుక ఆమెను చేర్చుకోవడం కష్టమన్నారు. దుర్గాబాయి వెనుదిరగలేదు. వసతి లేక చదువు మానుకున్న బాలికలు తనకు తెలియజేయాలని పత్రికలలో ప్రకటించారు. కొందరు ముందుకు వచ్చారు. వారితో కలిసి ఆమె వసతిగృహం ఏర్పాటు చేశారు. అలా తన కోసం అడిగిన దారి పదిమందికి దారి అయింది.

ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను అక్కడ పరీక్షలకు సిద్ధం చేసేవారు. 1942లో న్యాయశాస్త్ర పట్టా పొంది న్యాయవాది అయ్యారు. తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ఆ ఏడే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికీ ఆమే అధ్యక్షత వహించారు.

మహిళాసభ హైదరాబాదుకూ విస్తరించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా అక్కడ మహిళా కళాశాలను నెలకొల్పింది. ఒకనాడు విశ్వవిద్యాలయంలో చోటు కోసం ఎదురుచూసిన యువతి, వేలాది యువతులకు చోటు కల్పించారు.

1975లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 1981 మే 9న ఆమె మరణించారు. తలుపు మూసి ఉందని తిరిగిపోక, వెనుక వచ్చేవారి కోసం కూడా దానిని తెరిపించిన ధీరురాలు దుర్గాబాయి.