సీమ ప్రజల మన్రోలప్ప

రాయలసీమ పల్లెలలో ఒకప్పుడు మన్రోలప్ప, మన్రయ్య అను పేర్లు పెట్టుకొన్నవారు కనబడేవారు. ఆ పేర్లు ఏ గ్రామదేవతవో, ఏ సిద్ధపురుషునివో కావు. సప్తసముద్రాల కావలినుండి వచ్చి, కత్తిపట్టి ఈ నేలపై అడుగిడి, కలంపట్టి ఈ నేలలోనే కన్నుమూసిన ఒక సైనికునివి. ఆయనయే సర్ థామస్ మన్రో. హైదరాలీ, టిపూ సుల్తానుల స్మృతులు నేటికీ సజీవంగా ఉన్న ఈ ప్రాంతంలో, వారితో పోరాడిన వ్యక్తిని గూర్చి వ్రాయుట ఎందుకని విద్యార్థులు మమ్ము ప్రశ్నింపవచ్చు. ఆ ప్రశ్నకు ఆయన జీవితమే సమాధానం చెప్పాలి.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసిన వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య సమరం ఆ వ్యాపారాన్ని కూల్చివేసింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన కుమారుడు ఉదరపోషణార్థం ఈస్టిండియా కంపెనీ పదాతిదళంలో కేడెట్టుగా చేరి, 1780 జనవరిలో మద్రాసు రేవున దిగాడు. ఆ ఏడే హైదరాలీ కర్ణాటక సీమపై విరుచుకుపడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరువద్ద కర్నల్ బెయిలీ దళం నాశనం కాగా, కాంచీపురం నుండి వెనుదిరిగిన సైన్యంలో పందొమ్మిదేండ్ల మన్రో ఉన్నాడు. తరువాత సర్ ఐర్ కూట్ నాయకత్వంలో పోరాడాడు. 1782 డిసెంబరులో హైదరాలీ చిత్తూరు సమీపాన నరసింగరాయనిపేటవద్ద మరణించేనాటికి ఆయన ఇంకా చిన్న ఉద్యోగియే.

ఆ రోజులలో తలక్రింద దిండుకు మారుగా పుస్తకమో తూటాల సంచియో పెట్టుకొని పడుకొన్నానని సోదరి ఎర్‌స్కిన్‌కు జాబు వ్రాసుకొన్నాడు. అంత పేదరికంలోనూ జీతంలో కొంత మిగిల్చి, చితికిపోయిన తలిదండ్రులకు పంపుతూ వచ్చాడు. తీరిక దొరికినప్పుడు పారశీకం, హిందూస్థానీ అభ్యసించాడు. షేక్‌స్పియర్ నాటకంలోని షైలాకు కథను పోలిన కథ నొకదానిని పారశీక వ్రాతప్రతిలో చూచి ఆంగ్లంలోనికి అనువదించగా, దానిని పండితుడు మలోన్ ప్రకటించాడు. ఈ భాషాజ్ఞానమే ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పింది. 1792లో టిపూ సుల్తాను వదలుకొనవలసివచ్చిన బారామహల్ సీమకు కెప్టెన్ రీడ్ పాలకుడైనప్పుడు, దేశభాషలు తెలిసిన సైనికోద్యోగులు కావలసివచ్చి, మన్రోను సహాయకునిగా నియమించారు. అక్కడనే రైతుతో సర్కారు నేరుగా లెక్క తేల్చుకొనే రైత్వారీ పద్ధతికి బీజం పడింది. 1799లో శ్రీరంగపట్టణం పతనానంతరం మైసూరు వ్యవహారాలను చక్కబెట్టిన సంఘానికి జాన్ మాల్కంతోబాటు ఆయన కార్యదర్శి.

1800 అక్టోబరులో నిజాం ప్రభువు కడప, బళ్ళారి సీమలను కంపెనీకి దత్తం చేశాడు. మన ఇరుగుపొరుగు మదనపల్లి, గుర్రంకొండ ప్రాంతాలు అందులోనివే. ఒకప్పుడు హైదరాలీ బంధువుల ఏలుబడిలోనున్న గుర్రంకొండ తరువాత నిజాంకు, ఆపై కంపెనీకి చేతులు మారింది. ప్రభువులు మారినప్పుడల్లా దోపిడీకి గురియైనది రైతే. మన్రో ఈ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి ఏడేండ్లున్నాడు. మేడలు వదలి గుడారాలలో నివసించి, ఊరూరా తిరిగి, చెట్టుక్రింద కూర్చుండి రైతుల మొరలు విన్నాడు. భూములను కొలిపించి పన్ను నిర్ణయించాడు.

అయితే చరిత్ర వ్రాయునపుడు స్తోత్రపాఠం పనికిరాదు. సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రను ఆయన నిర్దాక్షిణ్యంగా అణచివేశాడు. ఆ కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించారు. ఆయన కాలంలో సర్కారు రాబడి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. అది రైతు చెమటనుండి వచ్చినదే. కాని ఆ భారాన్ని ఆయనయే గుర్తించి, 1807లో సెలవుపై స్వదేశం వెళ్ళేముందు పన్నును నాలుగవ వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవారు వినలేదు. పదమూడేండ్ల తరువాత, 1820లో, తాను మద్రాసు గవర్నరైనప్పుడు స్వయంగా ఆ తగ్గింపు నమలుజరిపాడు. పొరపాటును గుర్తించుట ఒక ఎత్తు. అధికారం చేజిక్కిన తరువాత దానిని మరువక దిద్దుట మరొక ఎత్తు.

1814లో ఆయన జేన్ కాంబెల్‌ను వివాహమాడి, న్యాయపాలనా సంస్కరణకై తిరిగి మద్రాసు వచ్చాడు. గ్రామ మునసబులకు, పంచాయతీలకు అధికారమిచ్చిన 1816 నాటి చట్టాలు ఆ కృషి ఫలితమే. 1817-18 మరాఠా యుద్ధంలో మరల ఖడ్గం ధరించి, స్వల్ప సైన్యంతోను, స్థానికంగా చేర్చుకొన్న బంట్రోతులతోను ధార్వాడ, బాదామి, షోలాపురం కోటలు సాధించాడు. ఆ శ్రమకు కంటిచూపు మందగించింది. చెవుడు అంతకుముందే పట్టుకొన్నది.

గవర్నరుగా ఆయన తలపెట్టిన కార్యాలలో ఒకటి మన కళాశాల వంటి విద్యాసంస్థలవారు ప్రత్యేకంగా స్మరింపదగినది. 1822లో రాజధాని అంతటా నాటు బడుల లెక్క తీయించగా 12,498 బడులు తేలినవి. 1826లో ప్రతి కలెక్టరు జిల్లాలో హిందువులకొకటి, ముస్లిములకొకటి చొప్పున నలుబది ఉన్నత పాఠశాలలు, తాలూకాలలో మూడువందల బడులు నెలకొల్పుటకు ప్రణాళిక వేశాడు. ఈ దేశీయులకు పెద్ద ఉద్యోగాలు నిరాకరించి వారి శీలం తక్కువదనుట అన్యాయమనీ, వారు తమను తామే పాలించుకొనగల దినం రావాలనీ 1824 చివరలోనే లిఖితపూర్వకంగా ప్రకటించాడు. ఆయన మరణానంతరం ఆదరణ లేక ఆ బడుల ప్రణాళిక కొన్నేండ్లకే అంతరించుట మన దురదృష్టం.

ఆ మహోన్నత పదవిలో ఆయనకు గృహసౌఖ్యం కొద్దిపాటిదే. పెద్దకొడుకు థామస్ ఇంగ్లండులో పెరుగుతున్నాడు. చిన్నవాడు కాంబెల్ ఆరోగ్యం చెడగా, 1826లో తల్లి వానిని తీసుకొని ఓడ ఎక్కింది. గిండీ భవనంలో పిల్లవాని ఆటలు లేక బోసిపోయిన గదులను గూర్చి ఆయన భార్యకు వ్రాసిన జాబు చదివినవారికి కన్ను చెమర్చకమానదు. తానూ వెళ్ళిపోవలెనని కోరినా, బర్మా యుద్ధం ఆయనను నిలిపివేసింది. ఎట్టకేలకు 1827లో ప్రయాణం నిశ్చయమైనది. వెళ్ళేముందు తన దత్తమండలాల ప్రజలను కడసారి చూడవలెనని బయలుదేరాడు. దారిలో కలరా వ్యాపించియున్నది. జూలై 6న పత్తికొండవద్ద ఆ వ్యాధిచేతనే ప్రాణం విడిచాడు. గుత్తిలో ఖననం చేశారు. కొన్నేండ్లకు అస్థికలను మద్రాసు సెంట్ మేరీ చర్చికి తరలించారు. సముద్రం దాటివచ్చే భర్తకై ఎదురుచూచుచున్న ఇల్లాలికి మరణవార్త మాత్రమే చేరినది. బిరుదు మాత్రం ఇద్దరు కుమారులకు వరుసగా సంక్రమించింది.

పత్తికొండలో ఆయన స్మారకంగా తోట, బావి వెలసినవి. మద్రాసులో శిల్పి చాంట్రీ మలచిన అశ్వారూఢ విగ్రహం నిలిచినది. తిరుమలలో మన్రో గంగాళమను నైవేద్యం ఆయన పేర నడచినది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చాడని జనులు చెప్పుకొన్నారు. ఈ కథలలో ఎంత నిజమున్నదో తేల్చుట మా పని కాదు. తమ మొర ఆలకించిన పరదేశిని ఈ ప్రజలు తమవానిగా కలుపుకొన్నారనుటకు అవి సాక్ష్యాలు.

టిపూ సుల్తాను స్వాతంత్ర్యంకొరకు ప్రాణమిచ్చిన వీరుడు. మన్రో ఆ స్వాతంత్ర్యాన్ని హరించిన సైన్యంలోని ఉద్యోగి. ఈ రెండు సత్యాలనూ మేము దాచము. కాని గెలిచిన పిదప ఓడినవారి భాష నేర్చి, వారి చదువును, వారి అన్నాన్ని గూర్చి తలపోసినవారు అరుదు. విద్యార్థులారా! ఎదుటి పక్షంలోనివానియందైనను మంచిని మంచిగా, చెడును చెడుగా చూడగల చూపే విద్యకు ఫలం. రేపు మీలో ఎందరో కచేరీలలో కుర్చీ లెక్కుతారు. మీ ఎదుట నిలిచిన రైతు మొర వినునపుడు, చెట్టుక్రింద కూర్చుండి ఆలకించిన ఆ ముదుసలి సైనికుని జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక!